చుంచును వర్గీకరించడం ఎలా: పంటి రంగు నుంచి జన్యువుల దాకా

చుంచులను (ఇంగ్లీషులో ష్రూలు) ఒకదాని నుంచి మరొకటి వేరు చేయడం కష్టమని పేరు. అది నిజమే. బొచ్చు అన్నింటికీ బూడిదకో గోధుమకో దగ్గరి రంగు, ముట్టె అన్నింటికీ మొనదేలి ఉంటుంది, కళ్ళు ఆవగింజంతే. 2005లో వెలువడిన ప్రపంచ క్షీరదాల జాబితా వీటిలో 26 ప్రజాతులను, 376 జాతులను లెక్కించింది. ఆ తర్వాత జాతుల సంఖ్య నాలుగు వందలు దాటింది, ఇంకా పెరుగుతూనే ఉంది. ఇన్ని జాతులున్న కుటుంబాలు క్షీరదాల్లో బహు కొద్ది.

అయినా పద్ధతిగా పోతే దారి దొరుకుతుంది. పాటించవలసిన నియమం ఒక్కటే: ఏ ఒక్క లక్షణాన్నీ నమ్మి చుంచుకు పేరు పెట్టకూడదు. పళ్ళు, కపాలం, క్రోమోజోములు, జన్యువులు వేర్వేరుగా చెప్పే సాక్ష్యం ఒకే చోటికి వచ్చినప్పుడే ఒక మెట్టు నుంచి తర్వాతి మెట్టుకు దిగాలి. సాక్ష్యం ఎక్కడ ఆగితే పేరు కూడా అక్కడే ఆగాలి.

ఇక్కడ జాతి అన్నప్పుడల్లా వర్గీకరణలోని చివరి మెట్టు అని, ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు అని తీసుకోండి. వాటికి పైన తెగ, ఉపకుటుంబం, కుటుంబం, క్రమం వరుసగా ఉంటాయి.

ముందుగా: జాగ్రత్తలు, పనిముట్లు

చుంచుకు ఆకలి ఆగదు. బోనులో పడిన చిన్న చుంచు కొన్ని గంటలు తిండి లేకపోతే చచ్చిపోతుంది. అందుకే బోనులు పెట్టేవారు అందులో పురుగులో మాంసమో ఉంచి, రెండు మూడు గంటలకొకసారి చూసి రావాలి. రాత్రి పెట్టి పొద్దున చూద్దామనుకుంటే దొరికేది శవమే. ప్రాణులను పట్టడానికి అటవీ శాఖ లేదా సంబంధిత అధికారుల అనుమతి ముందే తీసుకోవాలి.

ప్రాణిని పట్టకుండానే చాలా దూరం పోవచ్చు. గుడ్లగూబలు తిన్నదానిలో జీర్ణం కాని ఎముకలను, బొచ్చును ఉండలుగా కక్కుతాయి. ఒక గూటి కింద ఏరిన ఉండలను నీళ్ళలో నానబెట్టి విప్పితే చుంచుల కపాలాలు, దవడలు దొరుకుతాయి. నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి బడి లేదని నా అభిప్రాయం.

చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి. చుంచులు వైరస్‌లను మోస్తాయి. ఇంటి చుంచు నుంచి 1964లో వేలూరు దగ్గర వేరుచేసిన తొట్టపాళయం వైరస్ హాంటావైరస్ వర్గానిదని తర్వాత తేలింది. ఎండిన ఉండలను పొడి చేస్తూ ఆ దుమ్ము పీల్చకండి, తడిపి విప్పండి.

పనిముట్లు ఇవి: పది రెట్లు పెద్దది చేసే భూతద్దం, వీలైతే స్టీరియో సూక్ష్మదర్శిని, వెర్నియర్ కాలిపర్, గ్రాములో పదో వంతు చూపే త్రాసు, 95 శాతం ఇథనాల్ ఉన్న చిన్న సీసాలు. చనిపోయిన ప్రాణి దొరికితే మొట్టమొదట కాస్త కండరాన్నో కాలేయాన్నో తీసి ఇథనాల్‌లో వేయండి. ఫార్మాలిన్‌లో ముంచితే డీఎన్ఏ పాడవుతుంది కాబట్టి ఈ క్రమం మారకూడదు.

మొదటి మెట్టు: అది చుంచేనా?

ఎలుకకూ చుంచుకూ తేడా నోటిలో ఉంది. ఎలుక ముందు పళ్ళు ఉలి అంచులా ఉంటాయి, వాటి వెనక పెద్ద ఖాళీ. చుంచుకు ఆ ఖాళీ లేదు. పళ్ళు ముందు నుంచి వెనక దాకా వరుసగా ఉంటాయి. పై దవడ మొదటి కుంతకం కొక్కెంలా కిందికి వంగి ఉండి, దాని వెనక వైపు మరో చిన్న మొన ఉంటుంది. కింది కుంతకం దాదాపు అడ్డంగా ముందుకు చాచుకుని ఉంటుంది. ఈ రెండూ పట్టుకారులా కలిసి పురుగును పట్టేస్తాయి.

బయటి నుంచి చూస్తే ముట్టె కింది పెదవిని దాటి చాలా ముందుకు వస్తుంది. ముందు కాలికి ఐదు వేళ్ళుంటాయి. ఎలుకలకు ముందు కాలి బొటనవేలు మొండిగా ఉండి నాలుగు వేళ్ళే కనబడతాయి.

కపాలం దొరికితే మరో మూడు గుర్తులు చూడండి. చెంప ఎముక వంపు అసలే ఉండదు, కంటి గుంట పక్కకు తెరుచుకునే ఉంటుంది. చెవి దగ్గర ఉబ్బిన ఎముక గుల్ల బదులు సన్నని ఉంగరం లాంటి ఎముక ఉంటుంది. కింది దవడ కపాలానికి ఒక్కో వైపు రెండు చోట్ల అతుక్కుంటుంది. ఈ జంట కీలు చుంచుల సొత్తు. మిగతా ఎముకలు విరిగిపోయినా ఇదొక్కటి మిగిలితే కుటుంబం తేల్చవచ్చు.

రెండో మెట్టు: చుంచులా కనిపించేవాటిని తీసేయడం

పురుగులు తినే చిన్న క్షీరదాలన్నింటినీ ఒకప్పుడు ఇన్సెక్టివోరా అనే ఒకే క్రమంలో పోసేవారు. పోలిక తిండిలో ఉంది, పుట్టుకలో లేదు. జన్యువులను పోల్చడం మొదలయ్యాక ఆ కుప్ప చెదిరింది. ఆఫ్రికాలోని టెన్రెక్‌లు, బంగారు మోల్‌లు, ఏనుగు చుంచులు ఏనుగుకూ సముద్రపు ఆవుకూ బంధువులని తేలాయి. 1998లో ఆ మహాగుంపునకు ఆఫ్రోథీరియా అని పేరు పెట్టారు. ట్రీ ష్రూలు ప్రైమేట్లకు, అంటే కోతులూ మనుషులూ ఉన్న క్రమానికి దగ్గరివి, వాటికి స్కాండెన్షియా అనే సొంత క్రమం ఉంది. నీళ్ళలో తిరిగే ఆఫ్రికా ఆటర్ ష్రూలు టెన్రెక్‌ల చుట్టాలు. వీటిలో ఏదీ చుంచు కాదు.

ఇన్సెక్టివోరాలో మిగిలినవి ఇప్పుడు యూలిపోటిఫ్లా అనే క్రమంలో ఉన్నాయి. ఇందులో చుంచుల కుటుంబం సోరిసిడే, మోల్‌ల కుటుంబం టాల్పిడే, హెడ్జ్‌హాగ్‌ల కుటుంబం ఎరినేసిడే, కరీబియన్ దీవుల సోలినోడాన్‌లు, అదే ప్రాంతంలో అంతరించిన నెసోఫాంటెస్‌లు. మోల్‌తో తికమక పడే అవకాశం ఉంది కాబట్టి ముందు కాళ్ళు చూడండి. మట్టి తవ్వే మోల్‌లకు అవి పారల్లా వెడల్పుగా ఉంటాయి, చెంప ఎముక వంపు కూడా ఉంటుంది.

మూడో మెట్టు: ఉపకుటుంబం, పళ్ళ రంగు

ఇప్పుడు బతికి ఉన్న చుంచులు మూడు ఉపకుటుంబాలు. సోరిసినే ఎర్రపళ్ళ చుంచులు. ఉత్తర అమెరికా, యూరప్, ఆసియా చల్లని ప్రాంతాల్లో ఎక్కువ. క్రోసిడ్యూరినే తెల్లపళ్ళ చుంచులు. ఆఫ్రికా, దక్షిణాసియా, ఆగ్నేయాసియా, యూరప్‌లోని వెచ్చని భాగాలు వీటివి. మూడోది మయోసోరిసినే. ఇవి ఆఫ్రికాలోనే ఉంటాయి. మయోసోరెక్స్, కాంగోసోరెక్స్, సర్డిసోరెక్స్ అని మూడే ప్రజాతులు. వీటివీ తెల్లపళ్ళే కాబట్టి చాలాకాలం రెండో ఉపకుటుంబంలోనే కలిపి ఉంచారు.

ఎరుపుకు కారణం ఇనుము. పంటి మొనల దగ్గర పింగాణి పొరలో ఇనుము చేరి ఇటుక రంగు నుంచి ముదురు గోధుమ దాకా కనిపిస్తుంది, ఆ భాగం అరుగుదలను బాగా తట్టుకుంటుంది. చుంచుకు ఈ గట్టిదనం ఎందుకు అవసరమో దాని జీవితం చూస్తే తెలుస్తుంది. పాలపళ్ళు పుట్టకముందే పోతాయి. ఉన్న పళ్ళ జత ఒక్కటే, మళ్ళీ మొలవవు. పళ్ళు అరిగితే తిండి లేదు.

ఇక్కడే మొదటి ఉచ్చు. వయసు మీరిన ఎర్రపళ్ళ చుంచుకు మొనలు అరిగి ఎరుపు చాలావరకు పోతుంది. కపాలం చూసేటప్పుడు పళ్ళ అరుగుదల ఎంత ఉందో మొదట రాసుకోండి, తర్వాతే రంగు గురించి నిర్ణయించండి. ముందు పళ్ళు తెల్లగా కనిపించినా చర్వణకాల మొనల్లో, కింది కుంతకం మూలల్లో చిన్న ఎర్ర చాళ్ళు మిగిలి ఉండవచ్చు.

రెండో ఉచ్చు ఇంకా లోతైనది. ఆసియా కొండవాగుల్లో ఈదే కైమరోగేల్, నెక్టోగేల్ ప్రజాతుల పళ్ళు తెల్లగా ఉంటాయి. రంగును మాత్రమే నమ్మేవారు వీటిని తెల్లపళ్ళ గుంపులో వేసేస్తారు. కపాలం, జన్యువులు రెండూ వీటిని ఎర్రపళ్ళ ఉపకుటుంబంలోనే నిలబెడతాయి. పూర్వీకులకు ఉన్న రంగు వీటిలో పోయింది, అంతే. వర్గీకరణ పుట్టుకను అనుసరించాలి కాబట్టి ‘ఎర్రపళ్ళ చుంచు’ అనే పేరు తెల్లపళ్ళున్న ప్రాణికి కూడా చెందుతుంది.

అందుకే రంగుతో పాటు తోకను, చెవిని చూడండి. తెల్లపళ్ళ చుంచులు చాలావాటికి తోక మీద పొట్టి బొచ్చు మధ్య పొడవాటి వెంట్రుకలు అక్కడక్కడా నిలుచుంటాయి, చెవులు బయటికి కనబడతాయి. సోరెక్స్ లాంటి ఎర్రపళ్ళవాటికి తోక మీద బొచ్చు ఒకే పొడవులో ఉంటుంది, చెవులు బొచ్చులో దాగిపోతాయి. పిల్లలు ఒకదాని తోక మొదలును ఒకటి కరిచి పట్టుకుని తల్లి వెనక వరుసగా నడవడం కూడా తెల్లపళ్ళ చుంచుల్లోనే ఎక్కువ. నడవడిక చూసే అవకాశం దొరికితే అదీ రాసుకోండి.

నాలుగో మెట్టు: ప్రజాతి, ఒంటిమొన పళ్ళ లెక్క

పై దవడలో పెద్ద కొక్కెపు కుంతకానికీ, వెనక వచ్చే పెద్ద అగ్రచర్వణకానికీ మధ్య ఒక్కో మొన ఉన్న చిన్న పళ్ళు వరుసగా ఉంటాయి. వాటిని ఒంటిమొన పళ్ళు అందాం. ప్రజాతిని తేల్చే మొదటి సాధనం వీటి లెక్క.

సోరెక్స్‌కు ఒక్కో వైపు ఐదు, మొత్తం పళ్ళు 32. సంకస్‌కు నాలుగు, మొత్తం 30. క్రోసిడ్యూరాకు మూడు, మొత్తం 28. అమెరికా ఎడారి చుంచు నోటియోసోరెక్స్‌కూ మూడే, కానీ దాని పళ్ళు ఎర్రన. ఐరోపా నీటి చుంచు నియోమిస్‌కు, అమెరికాలోని క్రిప్టోటిస్‌కు నాలుగు, రెండూ ఎర్రపళ్ళవే. కాబట్టి లెక్కకు రంగు తోడవ్వాలి, రంగుకు లెక్క తోడవ్వాలి.

లెక్కించేటప్పుడు కపాలాన్ని పక్క నుంచి మాత్రమే చూడకండి. సంకస్ నాలుగో పన్ను, సోరెక్స్ ఐదో పన్ను ఇసుక రేణువంత ఉండి పెద్ద పంటి పక్కన నక్కి ఉంటాయి. అంగిలి వైపు నుంచి భూతద్దంతో చూడండి, రెండు వైపులా లెక్కించండి. ఒక వైపు చిన్న పన్ను రాలిపోయి ఉండవచ్చు. అలాంటప్పుడు ఎముకలో దాని గుంట కనిపిస్తుంది. ఈ ఒక్క పన్ను దాటవేయడం వల్ల సంకస్ కాస్తా క్రోసిడ్యూరాగా నమోదవుతుంది.

కపాలాన్ని శుభ్రం చేయడానికి మరిగే నీళ్ళు వాడవద్దని చెప్పేది కూడా ఈ చిన్న పళ్ళ కోసమే. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి మెత్తని కుంచెతో తీయండి, లేదా మాంసం తినే డెర్మెస్టిడ్ పురుగులకు వదలండి.

ఎర్రపళ్ళ ఉపకుటుంబంలో ప్రజాతికి ముందు తెగ ఉంటుంది. సోరిసినీలో సోరెక్స్, నెక్టోగేలినీలో నీటి చుంచులు, వాటి కొండ బంధువులు, బ్లారినినీలో బ్లారినా, క్రిప్టోటిస్, నోటియోసోరిసినీలో ఎడారి చుంచులు. అనౌరోసోరెక్స్‌కూ బ్లారినెల్లాకూ సొంత తెగలు ఇచ్చారు.

విచిత్రమైన లక్షణం చూడగానే కొత్త ఉపకుటుంబం అనుకోవడం మరో ప్రమాదం. ఆఫ్రికాలోని స్కూటిసోరెక్స్ వెన్నెముక క్షీరదాల్లో ఇంకెక్కడా కనిపించదు. వెన్నుపూసల ముళ్ళు వేళ్ళు అల్లుకున్నట్టు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. ఇంత వింత ప్రాణి కూడా పళ్ళను బట్టి, జన్యువులను బట్టి తెల్లపళ్ళ చుంచుల్లోని ఒక ప్రజాతి మాత్రమే. 1910 నుంచి ఒక్క జాతే తెలిసి ఉండగా 2013లో రెండో జాతి స్కూటిసోరెక్స్ థోరీని వర్ణించారు. దాని వెన్నెముక అంతగా అల్లుకుని లేదు. అంతటి ప్రత్యేకతలోనూ మెట్లున్నాయని అది చూపించింది.

ఐదో మెట్టు: జాతి, కొలతలు

తల నుంచి తోక మొదలు దాకా, తోక, వెనక పాదం, చెవి, బరువు. ఈ ఐదూ ప్రాణి తాజాగా ఉన్నప్పుడే తీసుకోవాలి. కపాలం పొడవు, మెదడు గూడు వెడల్పు, ఎత్తు, పై పళ్ళ వరుస పొడవు తర్వాత.

కొలతలకు తేదీ రాయడం మరచిపోవద్దు. 1949లో పోలండ్ జంతుశాస్త్రవేత్త ఆగస్ట్ డెనెల్ ఒక ఆశ్చర్యమైన సంగతి ప్రకటించారు. సోరెక్స్ చుంచులు చలికాలంలో కుంచించుకుపోతాయి. బరువే కాదు, కపాలం ఎత్తు కూడా తగ్గుతుంది, వసంతంలో మళ్ళీ పెరుగుతుంది. వేసవిలో దొరికిన కపాలాన్నీ శీతాకాలపు కపాలాన్నీ పక్కపక్కన పెట్టి రెండు జాతులని నిర్ణయిస్తే అది రుతువుల తేడాకు పేరు పెట్టడమే అవుతుంది. మగతో మగను, ఒకే అరుగుదల ఉన్న పళ్ళవాటిని, ఒకే కాలంలో దొరికినవాటిని మాత్రమే పోల్చండి.

పరిమాణం కొన్నిసార్లు సులభంగా తేలుస్తుంది. ఎట్రుస్కన్ చుంచు, సంకస్ ఎట్రుస్కస్, సుమారు 1.8 గ్రాములే ఉంటుంది. బరువులో ఇంతకంటే చిన్న క్షీరదం లేదు. దాని సొంత ప్రజాతిలోనే ఉన్న ఇంటి చుంచు సంకస్ మ్యూరినస్ దానికి ఎన్నో రెట్లు పెద్దది. కానీ క్రోసిడ్యూరాలో పరిమాణం ఆదుకోదు. రెండు వందలకు పైగా జాతులున్న ఆ ప్రజాతిలో అక్కచెల్లెళ్ళ లాంటి జాతులు ఒకే అడవి నేలపై కలిసి తిరుగుతాయి. ఇండొనేషియాలోని సులవేసి దీవిలో ఏళ్ళ తరబడి సేకరించిన వెయ్యికి పైగా నమూనాలను ఆకారంతోనూ జన్యువులతోనూ కలిపి పరిశీలించాక, ఒక్క పత్రంలో 14 కొత్త క్రోసిడ్యూరా జాతులను ప్రకటించారు. అది 2021 డిసెంబరు. అదే ఏడాది అండమాన్ సముద్రంలోని నార్కొండం దీవి నుంచి క్రోసిడ్యూరా నార్కొండమికా వెలుగులోకి వచ్చింది. దీవుల నుంచి వచ్చిన చుంచును తెలిసిన జాతిలోకి తొందరపడి నెట్టకండి.

ఆరో మెట్టు: క్రోమోజోములు

కంటికి కనబడేదంతా అయిపోయాక కూడా తేలని గుంపులు ఉంటాయి. వాటిలో నన్ను అన్నింటికంటే ఎక్కువ కట్టిపడేసేది సోరెక్స్ అరానియస్ గుంపు. జీవులకు రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లినేయస్ 1758లో పేరు పెట్టిన సాధారణ చుంచు ఇందులోదే. బ్రిటన్ నుంచి సైబీరియా దాకా వ్యాపించి ఉంది.

ఈ గుంపు గుర్తు మగవాటి లింగ క్రోమోజోముల్లో ఉంది. ఎక్స్ క్రోమోజోముకు ఒక మామూలు క్రోమోజోము అతుక్కుపోయింది. దాని జత ఒంటరిగా మిగిలి రెండో వైలా నడుచుకుంటుంది. కాబట్టి మగ చుంచుకు ఒక ఎక్స్, రెండు వైలు. మగకు ఆడకంటే ఒక క్రోమోజోము ఎక్కువ. ఈ మార్పు ఒకే పూర్వీకునిలో జరిగి వారసులందరికీ వచ్చింది కాబట్టి ఇది పుట్టుకకు బలమైన సాక్ష్యం. అరానియస్‌తో పాటు కరోనాటస్, గ్రనేరియస్, ఆంటినోరియై, ఉత్తర అమెరికాలోని ఆర్కిటికస్ మొదలైనవి ఈ గుర్తుతోనే ఒక గుంపుగా నిలిచాయి.

ఇక సోరెక్స్ అరానియస్ లోపల చూడండి. క్రోమోజోముల సంఖ్య 20 నుంచి 33 వరకు మారుతుంది. మొత్తం జన్యు సామగ్రి మారదు, క్రోమోజోము చేతులు (నడుముకు అటూ ఇటూ ఉండే భాగాలు) వేర్వేరు జతలుగా అతుక్కోవడం వల్ల సంఖ్య మారుతుంది. ఒక్కో ప్రాంతంలో ఒక్కో అతుకు. ఇలాంటి క్రోమోజోము వంశాలు 70కి పైగా గుర్తించారు. అవన్నీ ఒకే జాతి, ఎందుకంటే సరిహద్దుల్లో అవి సంకరమై పిల్లలను కంటాయి, జన్యువులు అటూ ఇటూ ప్రవహిస్తాయి. అయితే వాలై అనే ఆల్ప్స్ వంశం విషయంలో ఈ ప్రవాహం బాగా అడ్డుకట్ట పడిందని తేలడంతో 2002లో దాన్ని సోరెక్స్ ఆంటినోరియై అనే వేరే జాతిగా నిలబెట్టారు. జాతి ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్నకు ఇంత స్పష్టంగా ఎదురునిలిచే క్షీరదం అరుదు.

చేయవలసిన పని ఇది: తాజా ఎముక మజ్జ లేదా పెంచిన కణాల నుంచి క్రోమోజోములు సిద్ధం చేయించి సంఖ్యను, చేతుల సంఖ్యను రెండింటినీ రాయించండి. సంఖ్య ఒక్కటే తప్పుదారి పట్టిస్తుంది. ఇంటి చుంచుకు కూడా 30 నుంచి 40 దాకా మారుతుంది, దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ తక్కువ సంఖ్యలు కనిపిస్తాయి. అయినా జాతి ఒక్కటే.

ఏడో మెట్టు: జన్యువులు

మొదట మైటోకాండ్రియా లోని సైటోక్రోమ్ బి జన్యువును చదివిస్తారు. చుంచుల మీద జరిగిన పాత పనిలో ఎక్కువ భాగం దీని మీదే ఉంది కాబట్టి పోల్చడానికి బహిరంగ జన్యు భాండాగారాల్లో చాలా శ్రేణులు దొరుకుతాయి. కానీ మైటోకాండ్రియా తల్లి వైపు కథే చెబుతుంది. దగ్గరి సోరెక్స్ జాతులు సంకరమైన చోట ఒక జాతి మైటోకాండ్రియా ఇంకో జాతి ఒంట్లో కనిపించవచ్చు. అందుకే కేంద్రక జన్యువులు కొన్నింటిని కలపండి. రెండు వంశవృక్షాలూ ఒకే మాట చెబితే ముందుకు వెళ్ళండి, చెప్పకపోతే పళ్ళను మళ్ళీ చూడండి.

జన్యువులు పాత ప్రజాతులను కూడా ప్రశ్నిస్తున్నాయి. సంకస్ ఒకే పూర్వీకుని సంతతి కాదు. ఆఫ్రికా సంకస్‌లు ఆసియావాటి నుంచి విడిపోయి సిల్విసోరెక్స్ అనే మరో ఆఫ్రికా ప్రజాతి వైపు మొగ్గుతాయి. నాలుగో ఒంటిమొన పన్ను ఉండటం పాత వారసత్వం, దాన్ని ఉంచుకున్నవన్నీ తోబుట్టువులు కానక్కరలేదు. కాబట్టి ఆఫ్రికా నుంచి వచ్చిన నమూనాకు ‘సంకస్’ అని రాసేటప్పుడు, అది ప్రస్తుతానికి వాడుకలో ఉన్న పేరు అని గుర్తుంచుకోండి.

ఎనిమిదో మెట్టు: పేరు, చీటీ

పేర్లకు 1758 నుంచి లెక్క. ఒకే ప్రాణికి రెండు పేర్లుంటే సాధారణంగా ముందు వచ్చినది నిలుస్తుంది. చివరి అక్షరాలు మెట్టును చెబుతాయి: కుటుంబానికి ‘ఇడే’, ఉపకుటుంబానికి ‘ఇనే’, తెగకు ‘ఇనీ’. పేరు వెనక కర్త, సంవత్సరం రాస్తారు. జాతి మొదట పెట్టిన ప్రజాతిలోనే ఉంటే సోరెక్స్ అరానియస్ లినేయస్, 1758 అని రాస్తారు. ప్రజాతి మారితే కర్తకు కుండలీకరణాలు వస్తాయి. ఇంటి చుంచును లినేయస్ సోరెక్స్‌లో పెట్టారు, ఇప్పుడు అది సంకస్ మ్యూరినస్ (లినేయస్, 1766). ఆ రెండు గీతలు చూడగానే ఈ జాతి ఇల్లు మారిందని తెలిసిపోతుంది.

కొత్త జాతి అనిపిస్తే దగ్గరి జాతుల మూల నమూనాలతో, అంటే ఆ పేర్లు మొదట ఏ నమూనాలకు పెట్టారో వాటితో, పోల్చకుండా ప్రకటించకండి. ఏ పేరైనా చివరికి మ్యూజియంలో ఉన్న ఆ ఒక్క నమూనాకే కట్టుబడి ఉంటుంది. మీ నమూనా చర్మం, కపాలం, కణజాలం మూడింటికీ ఒకే సంఖ్య ఇచ్చి, జనులు చూడగలిగే సంగ్రహాలయంలో ఉంచండి.

చీటీ మీద దొరికిన చోటు, ఎత్తు, తేదీ, లింగం, కొలతలు, పళ్ళ అరుగుదల, పట్టిన పద్ధతి ఉండాలి. పేరు దగ్గర మాత్రం సాక్ష్యం నిలిచినంతవరకే రాయండి. మూడు ఒంటిమొన పళ్ళు, తెల్లని మొనలు, తోక మీద పొడవు వెంట్రుకలు చూసి జాతి తేలకపోతే ‘క్రోసిడ్యూరా జాతి, అనిశ్చితం’ అని రాసి పెన్సిలు దించండి. రేపు కణజాలం చదివే మనిషికి అది ఊహించి రాసిన పేరుకంటే ఎక్కువ పనికొస్తుంది.